ఆఫీసు ఖాళీ చేసి అందరితో ఇళ్ళ నుంచి పని చేయిస్తే నిజంగా మిగులుతుందా?

ద్వారకానగర్_బిల్లింగ్

మాది అమెరికా డాక్టర్లకు బీమా బిల్లింగ్ చేసిపెట్టే చిన్న సంస్థ. నలభై మంది ఉన్నారు, సగానికి పైగా నైట్ షిఫ్టు. విశాఖ ద్వారకానగర్‌లో మూడు వేల చదరపు అడుగుల అంతస్తు తీసుకున్నాం, అడుగుకు 45 రూపాయలు. లీజు మార్చితో అయిపోతోంది. యజమాని ఇప్పుడు 55 అంటున్నాడు. మా ఆడిటరేమో "అందరినీ ఇళ్ళకు పంపేయండి, మిగిలిన డబ్బుతో ఇంకో పది మందిని పెట్టుకోవచ్చు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. అంత సులువైతే ఊళ్ళో ఇన్ని ఆఫీసులు ఎందుకున్నట్టు?

2020లో మేమూ ఇళ్ళ నుంచే చేశాం. అప్పుడు వేరే దారి లేదు కాబట్టి క్లయింట్లు కూడా సర్దుకున్నారు. ఇప్పుడు కావాలని చేస్తే సంగతేమిటి? చేసి చూసినవాళ్ళు చెప్పండి. ఉపన్యాసాలు వద్దు, లెక్కలు కావాలి.

సముద్రపుగాలి

అద్దె గొడవ ఎందుకు? రుషికొండలో ప్రభుత్వం 99 పైసలకు భూమి ఇస్తోంది. రూపాయి పట్టుకుని వెళ్ళండి, పైసా చిల్లర కూడా తెచ్చుకోవచ్చు.

ద్వారకానగర్_బిల్లింగ్

అది టీసీఎస్‌కు ఇచ్చారు, 21.16 ఎకరాలు. వాళ్ళు 12 వేల ఉద్యోగాల మాట చెప్పారు. నా నలభై మందిని చూసి స్కూటర్ పెట్టుకునే చోటు కూడా ఇవ్వరు.

లెక్కల_మాస్టారు

ముందు అద్దె చూద్దాం. 55 చొప్పున నెలకు 1,65,000. నలభై మందికి పంచితే తలకు 4,125. మీ ఆడిటరు ఈ ఒక్క అంకె చూసి పది మంది అన్నాడంటే నమ్మకండి. కరెంటు, జనరేటరు డీజిలు, కాపలా, ఊడ్చేవాళ్ళు, టీలు కలిపి ఎంతవుతోందో చెప్పండి.

ఇంకొకటి. అద్దె మీద కట్టే 18 శాతం జీఎస్టీని మిగులు కింద వేసుకోకండి. మీరు చేస్తున్నది సేవల ఎగుమతి. ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేస్తామని ఇచ్చే హామీ పత్రం) పెట్టి ఉంటే ఆ పన్ను ఎలాగూ వాపసు వస్తుంది. తిప్పించుకుని తిప్పించుకుని వస్తుంది గానీ, వస్తుంది.

రాత్రిపాళీ

అసలు ఖర్చు అద్దె కాదు, క్యాబులు. నేను ఏళ్ళ తరబడి ఈ రంగంలోనే టీములు నడుపుతున్నాను. అమెరికావాళ్ళ పగలు మనకు రాత్రి. ఆడపిల్లలను రాత్రి పనికి పెట్టుకుంటే ఇంటి దగ్గర ఎక్కించుకుని ఇంటి దగ్గర దించాలి, తోడు మనిషిని పంపాలి. ఒకమ్మాయి గాజువాక, ఇంకో అమ్మాయి మధురవాడ, మరొకరు పెందుర్తి. మూడూ మూడు దిక్కులు. ఒక్కరి కోసం ఒక బండి తెల్లవారుజామున ఊరు దాటి వెళ్ళి ఖాళీగా తిరిగి వస్తుంది. మీ క్యాబు బిల్లు తీసి అద్దె పక్కన పెట్టి చూడండి.

ద్వారకానగర్_బిల్లింగ్

క్యాబులు నెలకు లక్షా తొంభై వేలు. కరెంటు, డీజిలు, కాపలా వగైరా లక్షా పది వేలు. రాత్రిపాళీ గారు చెప్పిందే నిజం, అద్దె కంటే క్యాబులే ఎక్కువ.

లెక్కల_మాస్టారు

అయితే వేయండి. అద్దె 1,65,000, క్యాబులు 1,90,000, మిగతావి 1,10,000. మొత్తం 4,65,000. ఇది నెలకు పైకి కనిపించే మిగులు.

ఇప్పుడు అందులోంచి తీసేయాల్సినవి. మనిషికి ఇంటర్నెట్, కరెంటు భత్యం కనీసం 2,500 ఇవ్వాలి, అది లక్ష. రోగుల వివరాలు ఇంటి కంప్యూటర్‌లో నిలవకుండా అన్నీ సర్వర్ మీదే తెరుచుకునే ఏర్పాటు కావాలి. దాని లైసెన్సులు, చూసుకునే మనిషి కలిపి తలకు రెండు వేలు అనుకుందాం, 80,000. ల్యాప్‌టాప్ 45 వేల చొప్పున 18 లక్షలు, మూడేళ్ళకు పంచితే నెలకు 50,000. బ్యాంకుకు, ఆడిట్‌కు, కొత్తవాళ్ళకు పని నేర్పడానికి ఒక చిన్న గది ఉండాల్సిందే, 40,000. మొత్తం 2,70,000.

మిగిలేది 1,95,000. కొత్త మనిషికి 18 వేల జీతం, దాని మీద పీఎఫ్, ఈఎస్ఐ, బోనసు కలిపి 22 వేలు, వాళ్ళ సరంజామాకు ఇంకో ఐదు వేలు. అంటే ఏడుగురు. పది కాదు. అది కూడా అందరూ ఇంటి నుంచే చేస్తారనుకుంటే.

సముద్రపుగాలి

ఆడిటరు చెప్పిన పదిలో ముగ్గురు వాపసు రాని జీఎస్టీ అన్నమాట.

బొబ్బిలి_వీణ

లెక్కలే కావాలన్నారు గానీ నాలాంటివాళ్ళు ఏ లెక్కలోకి వస్తారో నాకు తెలియదు, చెప్తాను. నేను మెడికల్ కోడర్‌ని, అంటే జబ్బును, చికిత్సను బీమా బిల్లుకు కావాల్సిన కోడ్‌లుగా మార్చే పని. దానికి ఉండే సీపీసీ పరీక్ష పాసయ్యాను. పెళ్ళికి ముందు విశాఖలోనే చేశాను. మా ఆయన బొబ్బిలి దగ్గర ప్రభుత్వ టీచరు, ఆయన కదలడానికి వీల్లేదు. నేను వారమంతా హాస్టల్‌లో ఉండి శనివారం రాత్రి రైలెక్కేదాన్ని. బాబు పుట్టాక మానేశాను. మానేయకపోతే ఏం చేస్తాను?

తరువాత వేరే ఊరి కంపెనీ ఒకటి ఇంటి నుంచే చేసే కోడర్లు కావాలంటే చేరాను. హైదరాబాద్‌లో ఇదే పనికి ఇచ్చే జీతం కంటే నాకు తక్కువే ఇస్తున్నారు. అది నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. కానీ హాస్టల్ అద్దె లేదు, మెస్ బిల్లు లేదు, బాబు నా కళ్ళ ముందే ఉన్నాడు. ఇక్కడ నేను ఎవరి ఉద్యోగమూ లాక్కోలేదు. ఆ కంపెనీకి అనుభవం ఉన్న మనిషి దొరికింది, నాకు మానేసిన పని దొరికింది. ఆఫీసుకు రమ్మంటే మాత్రం ఈ ఉద్యోగం చేసే మనిషినే కాదు నేను.

లెక్కల_మాస్టారు

వీణ గారూ, 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు సెలవును 26 వారాలకు పెంచిన సంగతి అందరికీ గుర్తుంది. అదే సవరణలో ఇంకో మాట ఉంది. పని స్వభావం అనుకూలిస్తే, సెలవు అయ్యాక ఇద్దరూ ఒప్పుకున్న షరతులతో ఇంటి నుంచి పని చేయవచ్చని. మీ పాత కంపెనీలో ఎవరైనా ఆ మాట ఎత్తారా?

బొబ్బిలి_వీణ

ఎత్తలేదండీ. రాజీనామా లేఖ ఎలా రాయాలో మాత్రం చక్కగా నమూనా పంపించారు.

గాజువాక_రావు

ఆమె సంగతి సంతోషమే. కానీ మాస్టారు గారి 4,65,000 చూసి ఎవరూ చప్పట్లు కొట్టకండి. కంపెనీకి మిగిలిందంటే ఇంకెవరో కట్టారన్నమాట. రాత్రంతా ఫ్యాను, లైటు, వేసవిలో ఏసీ ఎవరి మీటరు మీద తిరుగుతాయి? ఇంటి కరెంటులో యూనిట్లు పెరిగేకొద్దీ స్లాబు మారి రేటు పెరుగుతుంది. రెండు గదుల ఇంట్లో ఒక గది కంపెనీకి ఇచ్చేస్తే దాని అద్దె ఎవరిస్తారు? కుర్చీ ఎవరిది? పనివేళలో ఇంట్లో షాకు కొడితే అది ఉద్యోగంలో జరిగిన ప్రమాదమా, ఇంట్లో జరిగిన ప్రమాదమా? మేం స్టీలు ప్లాంటులో బూట్లు, హెల్మెట్లు కూడా అడిగి సాధించుకున్నవాళ్ళం. మీ తరం కుర్చీ కూడా ఇంటి నుంచే తెచ్చుకుంటోంది.

లెక్కల_మాస్టారు

రావు గారూ, సగం ఒప్పుకుంటాను. అద్దె, కరెంటు ఉద్యోగి ఇంట్లోకి జరిగాయి, కాబట్టి అందులో వాటా భత్యం కింద తిరిగి ఇవ్వాలి. కానీ క్యాబు అలా కాదు. తెల్లవారుజామున పెందుర్తి దాకా ఖాళీగా తిరిగిన బండి ఖర్చు ఎవరి నెత్తినా పడలేదు. ఆ ఖర్చే లేకుండా పోయింది. అసలైన మిగులు అదే.

మధురవాడ_మెస్

లేకుండా పోయిందంటున్న ఆ ఖర్చు మా తమ్ముడి జీతం మాస్టారూ.

వాడు ఐటీ కంపెనీలకు కారు తిప్పేవాడు. 2020లో ఆఫీసులు మూసేశాక బండి వాయిదాలు కట్టలేక అమ్ముకున్నాడు. కొండ కింద మా మెస్‌లో అప్పుడు నలుగురు వంటవాళ్ళు, తరువాత ఒక్కరే. ఆఫీసులు తెరిచాక మళ్ళీ కోలుకుంటున్నాం, ఇప్పుడు మీరందరూ కలిసి ఇళ్ళకు వెళ్ళిపోదామంటున్నారు. ఏడుగురికి ఉద్యోగాలు వస్తాయని రాశారు, సరే. వెళ్ళిపోయే డ్రైవర్లు, కాపలావాళ్ళు, ఊడ్చే అమ్మలు ఎంతమందో అది కూడా రాయండి.

లెక్కల_మాస్టారు

న్యాయమైన ప్రశ్నే. బిల్లింగ్ గారూ, మీరే చెప్పాలి.

ద్వారకానగర్_బిల్లింగ్

క్యాబులు కాంట్రాక్టరువి. మాకు తిరిగేవి ఐదు బండ్లు, వాటికి వేరే కంపెనీల ట్రిప్పులు కూడా ఉంటాయి. కాపలా ఇద్దరు, ఊడ్చేవాళ్ళు ఇద్దరు, ఆఫీసు కుర్రాడు ఒకడు.

రాత్రిపాళీ

మెస్ వారూ, మీ బాధ నిజమే, కాదనను. కానీ వీణ గారు బొబ్బిలిలో జీతం ఖర్చు పెడితే అక్కడ ఎవరో ఒకరి కొట్టు నడుస్తుంది కదా. డబ్బు మధురవాడ దాటి వెళ్ళింది, మాయమవలేదు.

మధురవాడ_మెస్

బొబ్బిలి కొట్టుకు నా అభినందనలు. నా గ్యాసు బండకు ఎవరు కడతారు?

పుస్తకాలపురుగు

ఉపన్యాసాలు వద్దన్నారు కానీ ఇవి జరిగిన ప్రయోగాలు, అంకెలతో సహా.

షాంఘైలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు 2010 చివర మొదలుపెట్టి తొమ్మిది నెలలు చూశారు. తామే ముందుకొచ్చిన 249 మందిలో పుట్టినరోజు సరిసంఖ్య అయినవాళ్ళను ఇంటికి పంపారు, బేసి అయినవాళ్ళను ఆఫీసులోనే ఉంచారు. ఇంటివాళ్ళ పనితీరు 13 శాతం పెరిగింది. అందులో ఎక్కువ భాగం విరామాలు, సెలవులు తగ్గి ఎక్కువసేపు పని చేయడం వల్ల వచ్చింది. ఉద్యోగం మానేసేవాళ్ళు సగానికి తగ్గారు. కంపెనీకి మనిషికి ఏడాదికి సుమారు 2,000 డాలర్లు కలిసొచ్చింది. ఇంత వరకే చెప్పి ఆపేసేవాళ్ళే ఎక్కువ.

మిగతాది కూడా వినండి. వాళ్ళను ఎంచుకున్నప్పుడే షరతులు పెట్టారు. ఆరు నెలల అనుభవం ఉండాలి, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉండాలి, విడిగా ఒక గది ఉండాలి. వారంలో నాలుగు రోజులు ఇల్లు, ఒక రోజు ఆఫీసు. ఇంటి నుంచి చేసినవాళ్ళకు, అదే పనితీరు ఉన్నా, ప్రమోషన్లు తగ్గాయి. ప్రయోగం అయ్యాక మీ ఇష్టం అంటే సగం మందికి పైగా చోటు మార్చుకున్నారు. తమకు ఏది నప్పుతుందో తెలుసుకుని మారాక లాభం 22 శాతానికి చేరింది.

రెండోది మన పక్కనే, చెన్నైలో. డేటా ఎంట్రీకి మనుషులను తీసుకుని, ఎవరిని ఇంట్లో పెట్టాలో ఎవరిని ఆఫీసులో పెట్టాలో చీటీలు వేసినట్టు నిర్ణయించారు. ఇంటి నుంచి చేసినవాళ్ళ ఉత్పాదకత 18 శాతం తక్కువ. ఇల్లే కావాలని అడిగినవాళ్ళలోనే ఆ తగ్గుదల ఇంకా ఎక్కువ. 2023లో ఈ పరిశోధనా పత్రం వచ్చింది.

సముద్రపుగాలి

ఒకచోట 13 ఎక్కువ, ఇంకోచోట 18 తక్కువ. సగటు తీస్తే భోజన విరామం.

గాజువాక_రావు

చెన్నై మాటే నాకు సరిగ్గా అనిపిస్తోంది. ఇల్లు కావాలని అడిగేదెవరు? పసిపిల్లల తల్లులు, మంచం పట్టిన పెద్దవాళ్ళను చూసుకునేవాళ్ళు. వాళ్ళకు ఇంట్లో పని ఆగుతుందా?

బొబ్బిలి_వీణ

రావు గారూ, గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి. షాంఘైలోవాళ్ళకు విడి గది ఉందా లేదా అని చూసి మరీ పంపారని పైనే రాశారు. నాకు మేడ మీద గది ఉంది, పనివేళలో బాబు అత్తయ్య దగ్గర ఉంటాడు, తలుపు వేసుకుంటే ఎవరూ కొట్టరు. ఆ ఏర్పాటు కుదిరే దాకా నేను ఉద్యోగానికి దరఖాస్తే పెట్టలేదు. ఇంటి నుంచి పని అంటే పిల్లాడిని ఒళ్ళో పెట్టుకుని చేసే పని అని కంపెనీలు అనుకున్నంత కాలం జీతమూ అలాగే ఇస్తాయి.

ఇంకో సంగతి, ప్రమోషన్ల మాట అక్షరాలా నిజం. నా తరువాత చేరి ఆఫీసులో కూర్చునే అబ్బాయి ఇప్పుడు నాకు టీము లీడరు.

రాత్రిపాళీ

చెన్నైవాళ్ళు కొత్తగా చేరినవాళ్ళు, షాంఘైవాళ్ళు అప్పటికే పని వచ్చినవాళ్ళు. నాకైతే తేడా అక్కడే కనిపిస్తోంది. కొత్త కుర్రాడికి పాఠం చెప్పి నేర్పించేది పావు వంతు. పక్క కుర్చీలో సీనియరు అమెరికా బీమా కంపెనీవాడితో ఎలా వాదిస్తున్నాడో చెవిన పడుతుంటే నేర్చుకునేది ముప్పావు వంతు. తిరస్కరించిన క్లెయిమును మళ్ళీ ఎలా పంపాలి, ఎక్కడ గట్టిగా అడగాలి, ఎక్కడ తగ్గాలి, ఇదంతా చెవితో వచ్చే విద్య. ఇంట్లో కూర్చోబెడితే ఆరు నెలలైనా రాదు.

ఇసుకతోట_కుర్రాడు

అందుకే మాలాంటివాళ్ళకు ఎవరూ ఇవ్వడం లేదన్నమాట. ఇంటి నుంచి పని అని ప్రకటన ఉంటే కింద రెండేళ్ళ అనుభవం అని ఉంటుంది. ఆ రెండేళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? అనుభవం అక్కర్లేదు అని రాసినవాటికి ఫోన్ చేస్తే శిక్షణ రుసుము ముందు కట్టమంటున్నారు. మొన్న ఒకరు ల్యాప్‌టాప్ పంపిస్తాం, డిపాజిట్ వేయండి అన్నారు. మా స్నేహితుడు వేశాడు. ల్యాప్‌టాప్ రాలేదు.

నిర్వాహకుడు

ఇక్కడ ఆగి ఒక మాట. ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత ఆశ ఉంటుంది. విదేశాల్లో డేటా ఎంట్రీ అని చెప్పి మన ఊరి కుర్రాళ్ళను కంబోడియా పంపి సైబర్ మోసాలు చేయించిన వ్యవహారాన్ని 2024 మేలో విశాఖ పోలీసులే బయటపెట్టారు. ఈ చర్చలో ఉద్యోగ లింకులు పెట్టకండి, పెడితే తీసేస్తాను.

తీగలమనిషి

నెట్‌వర్కు పనివాడిగా నా వంతు.

ఒకటి, ముందు క్లయింటుతో రాసుకున్న ఒప్పందం చదవండి. రోగుల సమాచారం మీద అమెరికాలో హిపా చట్టం ఉంది, 1996 నాటిది. ఇంటి నుంచి చూడకూడదని చట్టం నేరుగా అనదు గానీ, ఒప్పందంలో ఫలానా భవనంలోనే, కెమెరాల కింద, ఫోన్లు బయట పెట్టి అని రాసి ఉంటే మీరు కదలలేరు. క్లయింటు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

రెండు, కాల్ సెంటర్లకు ఇంటి నుంచి పని చేయించుకోవడం ఒకప్పుడు పెద్ద తతంగం. ఓఎస్పీ రిజిస్ట్రేషన్ (కాల్ సెంటర్లలాంటి సంస్థలు టెలికాం శాఖ దగ్గర చేయించుకునేది), బ్యాంకు గ్యారంటీ, విడి లైన్లు. టెలికాం శాఖ 2020 నవంబరులో ఆ నిబంధనలను సడలించింది. కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

మూడు, కరెంటు. రౌటరుకు చిన్న యూపీఎస్ ఇవ్వండి, ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఎలాగూ ఉంటుంది. రెండో దారిగా ఫోను డేటా ఉండాలి, కేబుల్ ఒక కంపెనీది, ఫోను వేరే కంపెనీది అయితే మంచిది.

ఇంకో మాట చెప్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా ఒకేసారి చీకటైపోయింది. ఫోన్లు లేవు, నెట్టు లేదు. నలభై మందీ ఒకే ఊళ్ళో ఉంటే మీ వ్యాపారం ఆ రోజే ఆగిపోతుంది. పది మంది బొబ్బిలిలో, నర్సీపట్నంలో, రాజమండ్రిలో ఉంటే కొంతైనా నడుస్తుంది. ఇది ఏ ఆడిటరూ లెక్కలో వేయడు.

రాత్రిపాళీ

తీగల గారూ, ఆ తుపానులో జనరేటరు ఉన్న ఆఫీసులే ముందు లేచాయి. ఇళ్ళకు కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది. మా బ్యాచ్ అంతా ఆఫీసులోనే పడుకుని పని చేశాం, ఇంటికి వెళ్తే నీళ్ళు కూడా లేవు.

తీగలమనిషి

అందుకే వేర్వేరు ఊళ్ళు అన్నాను, వేర్వేరు ఇళ్ళు అనలేదు.

పాడేరు_పసుపు

ఊళ్ళ జాబితాలో పాడేరు ఎప్పుడూ ఉండదు. నేను డిగ్రీ చేశాను, టైపింగు వచ్చు, ఇంగ్లీషు రాయగలను. మా ఊళ్ళో సిగ్నలు కావాలంటే మలుపు దాటి గుట్ట ఎక్కాలి. వానాకాలంలో అదీ ఉండదు. ఎవరి ఇంటికి వాళ్ళు కాకుండా పాడేరు పట్టణంలో ఒక పెద్ద గది, మంచి లైను, ఇన్వర్టరు పెడితే పది కంపెనీల పని పది మంది అక్కడే చేసుకోవచ్చు కదా. ప్రభుత్వం ఊరూరా అలాంటి కేంద్రాల మాట చెప్తోంది. గుట్ట మీద కూర్చుని వింటున్నాను.

బొబ్బిలి_వీణ

మీ మాట చాలా బాగుంది. విడి గది లేనివాళ్ళకు కూడా అదే దారి. మా వీధిలో కోడింగు నేర్చుకున్న అమ్మాయిలు ఇద్దరున్నారు. ఇంట్లో కుదరదు, విశాఖ పంపరు. నడిచి వెళ్ళే దూరంలో అలాంటి గది ఉంటే రేపే చేరతారు.

పుస్తకాలపురుగు

అసలు ఆఫీసే లేని పెద్ద కంపెనీలు కూడా ఉన్నాయి. గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రధాన కార్యాలయం లేకుండానే 2021లో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో లిస్టయింది. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ నడిపే ఆటోమాటిక్ సంస్థ వచ్చేవాళ్ళు లేక 2017లో శాన్‌ఫ్రాన్సిస్కో ఆఫీసు మూసేసింది.

గాజువాక_రావు

గిట్‌ల్యాబ్‌లో జీతం మనిషి ఉండే చోటును బట్టి నిర్ణయిస్తారన్న సంగతి కూడా రాయండి. బొబ్బిలిలో ఉంటే బొబ్బిలి జీతం. పని ఒకటే.

ఇక మన పెద్ద కంపెనీల మాట ఎంత గట్టిదో చూశాం. టీసీఎస్ 2020లో చెప్పిందేమిటి? 2025 నాటికి ఏ సమయంలోనైనా పాతిక శాతం మందే ఆఫీసులో ఉంటే చాలని. 2023 అక్టోబరుకల్లా అందరూ వారానికి ఐదు రోజులు రావాలన్నారు. ఆ మొదటి మాట నమ్మి సొంతూళ్ళలో అప్పు చేసి ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఎంతమందో!

రాత్రిపాళీ

అందులో మా తోడల్లుడు ఒకడు. వేరే కంపెనీలెండి. భీమిలిలో కట్టుకున్నాడు, గృహప్రవేశం అయింది, హైదరాబాద్ రమ్మని మెయిలు వచ్చింది. ఇప్పుడు అక్కడ అద్దె, ఇక్కడ వాయిదా.

సముద్రపుగాలి

ఒకటే మనిషి, రెండు కంపెనీలు, ఒకే ల్యాప్‌టాప్ బల్ల. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2022లో విప్రో 300 మందిని అందుకే పంపేసింది. బిల్లింగ్ గారూ, మీ ఏడుగురూ నిజంగా మీ ఏడుగురేనా చూసుకోండి.

లెక్కల_మాస్టారు

నవ్వుకున్నా, ఆ భయంతోనే చాలామంది యజమానులు నిమిషనిమిషానికి తెర ఫొటోలు తీసే సాఫ్ట్‌వేర్ పెడతారు. బిల్లింగ్ పనిలో అది శుద్ధ దండగ. రోజుకు ఎన్ని క్లెయిములు వెళ్ళాయి, ఎన్ని తప్పులతో తిరిగొచ్చాయి అన్నది అంకెల్లో కనిపిస్తూనే ఉంటుంది. పనిని లెక్కించగలిగిన చోట మనిషికి కాపలా ఎందుకు?

అసలు ప్రశ్నకు వస్తాను. మిగిలిన 1,95,000తో ఏడుగురిని పెట్టుకోవచ్చని నేనే రాశాను. కానీ చేతిలో డబ్బు ఉందని ఎవరూ మనుషులను పెట్టుకోరు, పని వస్తే పెట్టుకుంటారు. మీకు కొత్త క్లయింట్లు ఎందుకు రావడం లేదు?

ద్వారకానగర్_బిల్లింగ్

రేటు. వసూలైన సొమ్ములో శాతం చొప్పున తీసుకుంటాం. పోయిన ఏడాది రెండు పెద్ద క్లినిక్‌లు చేజారాయి. వేరే ఊరివాళ్ళు అర శాతం తక్కువకు ఒప్పుకున్నారు.

లెక్కల_మాస్టారు

అదే. మీరూ ఆ అర శాతం తగ్గించగలిగితే పని వస్తుంది, పని వస్తే ఏడుగురు కాదు, పదిహేను మంది కూడా కావాల్సి రావచ్చు. మిగులును జేబులో వేసుకుంటే ఒక్కరికీ ఉద్యోగం రాదు. రేటులోకి మళ్ళిస్తే వస్తుంది. మెస్ వారు పోతాయన్న ఉద్యోగాలు ఎలాగూ పోతాయి, అవి వెంటనే పోతాయి. వచ్చేవి మాత్రం మీరు ఏం చేస్తారన్న దాని మీద ఆధారపడి, ఆలస్యంగా వస్తాయి. ఈ తేడా నేను దాచను.

మధురవాడ_మెస్

ఇంత వరకు ఈ మాట ఒక్కరూ ఒప్పుకోలేదు. సరే.

ద్వారకానగర్_బిల్లింగ్

నిన్న మా వాళ్ళందరినీ కూర్చోబెట్టి అడిగాను. విడి గది ఉన్నవాళ్ళు ఎంతమంది అంటే సగం చేతులు కూడా లేవలేదు. ఇద్దరు అమ్మాయిలు విడిగా వచ్చి "సార్, మమ్మల్ని ఇంటికి పంపకండి, ఆఫీసుకు రావడం వల్లే ఇంట్లో చాకిరీ తప్పించుకుంటున్నాం" అన్నారు. ఇది ఏ లెక్కలో వేయాలి మాస్టారూ?

కాబట్టి అందరినీ పంపడం లేదు. ఇంట్లో వీలున్నవాళ్ళు, ఏడాది దాటినవాళ్ళు, అడిగినవాళ్ళు, ఈ మూడూ కలిస్తేనే ఇల్లు. పద్దెనిమిది మంది తేలారు, ఎక్కువమంది నైట్ షిఫ్టువాళ్ళే కాబట్టి క్యాబుల్లో సగానికి పైగా తగ్గుతుంది. మిగతావాళ్ళకు ఇందులో సగం చోటు చాలు. సీతమ్మధార వైపు చూస్తున్నాను. ఒక క్లయింటు ఒప్పుకుంటూ మెయిలు పెట్టాడు, ఇద్దరు ఇంకా చెప్పలేదు. కొత్త కోడర్లు ఇద్దరిని బయటి ఊళ్ళ నుంచే తీసుకుంటాను. వీణ గారూ, మీ వీధి అమ్మాయిలకు సీపీసీ ఉందా?

బొబ్బిలి_వీణ

ఒకరికి ఉంది. ఇంకొకరు పరీక్షకు కట్టారు. వివరాలు మీకు విడిగా పంపుతాను, ఇక్కడ పెడితే నిర్వాహకుడు గారు కోప్పడతారు.

ఇసుకతోట_కుర్రాడు

అనుభవం లేనివాళ్ళకు ఏమైనా ఉందా సార్? ఆఫీసుకు రమ్మన్నా వస్తాను. నడిచే దూరమే.

ద్వారకానగర్_బిల్లింగ్

శిక్షణ బ్యాచ్ ఏప్రిల్‌లో పెడదామనుకుంటున్నాను. మొదటి ఆరు నెలలు ఆఫీసులోనే, సీనియర్ల పక్కనే. రుసుము, డిపాజిట్ ఏమీ ఉండవు. రాత పరీక్ష ఉంటుంది.

గాజువాక_రావు

ఇంటికి వెళ్ళే పద్దెనిమిది మందికి భత్యం సంగతి నియామక పత్రంలో రాశారా? తిరిగి ఆఫీసుకు రమ్మనాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో కూడా రాయండి. నోటి మాట వద్దు.

ద్వారకానగర్_బిల్లింగ్

మూడు నెలల ముందు అని రాస్తున్నాను. కుర్చీ కంపెనీదే. భత్యం 2,500 అంటే వాళ్ళు 3,000 అడుగుతున్నారు.

గాజువాక_రావు

ఇచ్చేయండి. మాస్టారి లెక్కలో క్యాబు డబ్బు ఇంకా మిగిలే ఉంది.